క్లిప్పులు తీయించే ముందే తేల్చుకోండి: వెనక తీగా, తీసి పెట్టుకునే రిటైనరా?

ఏళ్ళ తరబడి క్లిప్పులు భరించి, చివరికి తీయించుకుని, నున్నటి పళ్ళ మీద నాలుక ఆడించుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళకి, ఇంకో పని మిగిలే ఉందని ఎవరూ గట్టిగా చెప్పరు. పన్ను ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు. వేరు చుట్టూ ఉన్న సన్నటి నారపోగులు దాన్ని ఎముకకి కట్టి ఉంచుతాయి. క్లిప్పులు పన్నుని జరిపినప్పుడు ఈ పోగులు సాగుతాయి, మెలి తిరుగుతాయి. వేరు చుట్టూ ఉన్నవి 3, 4 నెలల్లో కొత్త చోటికి సర్దుకుంటాయి. చిగుళ్ళలోని వాటికి 4 నించి 6 నెలలు పడుతుంది. పన్ను మెడ దగ్గరుండే సాగుడు పోగులైతే ఏడాది దాటినా పన్నుని పాత చోటికే లాగుతుంటాయి. ఊడ్చిన నారు వేళ్ళూనుకునే దాకా కనిపెట్టుకుని ఉన్నట్టు, ఈ పోగులు కుదురుకునే దాకా పళ్ళని పట్టి ఉంచాలి. రిటైనర్ చేసే పని అదే. పళ్ళ వెనక అతికించేసే తీగైనా, నోట్లోంచి తీసి మళ్ళీ పెట్టుకునే పరికరమైనా రిటైనరే.

పోగుల సంగతి అలా ఉంచితే, వయసు సంగతి వేరే ఉంది. అసలు క్లిప్పులే వేయించుకోని వాళ్ళకి కూడా ముప్ఫై, నలభై ఏళ్ళు వచ్చేసరికి కింది ముందు పళ్ళు కాస్త కాస్తగా ఒకదాని మీదికి ఒకటి ఒరుగుతాయి. జ్ఞాన దంతాలు నెట్టడం వల్లేనని మన వైపు గట్టి నమ్మకం. పరిశోధనలు ఆ మాటని బలపరచలేదు. పళ్ళ వరస చెడుతుందన్న ఒక్క భయంతో నొప్పీ వాపూ లేని జ్ఞాన దంతం పీకించుకోనక్కర్లేదు.

ఇక తీగ మంచిదా, తీసి పెట్టుకునేది మంచిదా? వైద్య పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టే కొక్రేన్ సంస్థ 2023లో ఈ విషయం మీద తన సమీక్షని తిరగరాసింది. ఫలానా రిటైనరే మేలని తేల్చేంత బలమైన ఆధారం దానికీ దొరకలేదు. కాబట్టి దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్, జయపురం, మల్కనగిరి వైపు ఉండేవాళ్ళు వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఆయన దగ్గరికి వెళ్ళడానికి ఎన్ని గంటలు పడుతుంది? నా మటుకు నేను సగం నిర్ణయం ఈ ప్రశ్నకే వదిలేస్తాను.

తీయడానికి రెండు నెలల ముందు అడగాల్సినవి

క్లిప్పులు తీసే రోజున కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నప్పుడు "తీగ వేసేయమంటారా?" అని డాక్టరు అడిగితే ఎవరైనా తలూపుతారు. ఆ పరిస్థితి రానివ్వకండి. ముందు నెలల్లో బిగింపు కోసం వెళ్ళినప్పుడే ఈ నాలుగూ కదపండి.

రిటైనర్ ఖర్చు మొదట మాట్లాడుకున్న మొత్తంలో ఉందా, వేరేగానా? చాలా చోట్ల మొదటి జత అందులోనే ఉంటుంది, పోగొట్టుకుంటే రెండోదానికి విడిగా తీసుకుంటారు. తీగ ఊడితే మళ్ళీ అతికించడానికి డబ్బు పుచ్చుకుంటారా, అదెంత కాలం వరకు ఉచితం? ఇది కాగితం మీద రాయించుకోండి.

క్లిప్పులు తీసిన రోజే రిటైనర్ చేతికొస్తుందా? కొందరి దగ్గర ల్యాబ్ పక్కనే ఉంటుంది, సాయంత్రానికి ఇచ్చేస్తారు. కొందరు అచ్చు తీసుకుని వారం తరవాత రమ్మంటారు. ఆ వారం పళ్ళని పట్టుకునేదేమీ ఉండదు, మొదటి రోజుల్లోనే అవి ఎక్కువ కదులుతాయి. గుణుపురం నించి విశాఖ ప్యాసింజరులో వెళ్ళేవాళ్ళు అదే రోజు తిరుగు రైలు పట్టుకోవాలని కంగారు పడతారు. నన్నడిగితే ఆ ఒక్కసారికి చుట్టాలింట్లో ఓ రాత్రి ఉండిపోయి, రిటైనర్ చేతిలో పెట్టుకునే రండి.

చివరి అచ్చు మీకిస్తారా? ఈ ప్రశ్నని చాలామంది వదిలేస్తారు, మనలాంటి ఊళ్ళ వాళ్ళకి అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. క్లిప్పులు తీశాక, పళ్ళు వరసగా ఉన్నప్పుడు తీసిన ప్లాస్టర్ అచ్చు మీ ఇంట్లో ఉంటే, రేపు రిటైనర్ పోయినప్పుడు దాని మీదే కొత్తది నొక్కించుకోవచ్చు. నోటిని యంత్రంతో స్కాన్ చేసే క్లినిక్ అయితే ఆ ఫైలుని పెన్ డ్రైవ్‌లోకో, మెయిల్‌కో పంపమనండి. అచ్చుని పాత గుడ్డలో చుట్టి, తడి తగలని చోట, బీరువాలోనే పెట్టండి.

నాలుగోది, వేరే ఊళ్ళో చూపించుకోవాల్సి వస్తే ఉపయోగపడేలా ఒక చీటీ: ఏ దవడకి ఏ రిటైనర్, ఏ తేదీన, ఏ పళ్ళు తీసేశారు. దీన్ని ఇంగ్లీషులో రాయమనండి. విశాఖ డాక్టరు తెలుగులో రాసిస్తే కటక్‌లో చదవలేరు, బరంపురంలో ఒడియాలో రాసిస్తే శ్రీకాకుళంలో చదవలేరు.

పాత ఫోటో బయటికి తీయండి

క్లిప్పులు వేయకముందు మీ పళ్ళు ఎలా ఉండేవి? ఏది ఎలా వంకర ఉండేదో అది అటే తిరిగిపోవాలని చూస్తుంది. అందుకే నిర్ణయానికి ముందు పాత ఫోటో చూడాలి.

పై ముందు పళ్ళ మధ్య పెద్ద సందు ఉండి, దాన్ని మూయించుకున్నారనుకోండి. ఆ సందు మళ్ళీ తెరుచుకోవడం మామూలే. ఆ రెండు పళ్ళ వెనకా తీగ ఉండాలి. పన్ను తన చుట్టూ తాను బాగా తిరిగిపోయి ఉండి సరిచేయించుకున్నా, కింది ముందు పళ్ళు కిక్కిరిసి ఉండి సర్దించుకున్నా తీగ వైపే మొగ్గాలి. చిగుళ్ళ జబ్బుతో ఎముక కరిగిన పెద్దవాళ్ళకీ అంతే.

పై దవడ ఇరుకుగా ఉంటే వెడల్పు చేయించుకున్నారా? ముందు పళ్ళ వెనక ఉండే తీగ దవడ వెడల్పుని కాపాడలేదు. అంగిలినంతా పట్టుకునే ప్లేటు రకం కావాలి. పై పళ్ళు కింది పళ్ళని బాగా మూసేసేంత లోతైన కాటు ఉన్నవాళ్ళకి పై పళ్ళ వెనక తీగ వేస్తే, నమిలినప్పుడల్లా కింది పళ్ళు దానికి తగిలి, తీగని అతికించిన సిమెంటు ఊడిపోతుంది. అలాంటి చోట తీగ గురించి పట్టుబట్టకండి.

మూడు రకాలు

వెనక తీగ అంటే సన్నటి స్టీలు పోగులు కొన్నిటిని మెలేసి చేసిన తీగ, మందం అర మిల్లీమీటరుకి అటూ ఇటూ. దాన్ని నాలుక వైపు, ఒక కోర పన్ను నించి రెండో కోర పన్ను దాకా ఆరు పళ్ళకీ తెల్ల సిమెంటు చుక్కలతో అతికిస్తారు. కొందరు కాస్త మందపు తీగని రెండు కోర పళ్ళకి మాత్రమే అతికిస్తారు. రెండో పద్ధతిలో శుభ్రం చేసుకోవడం సులువు, ఊడితే వెంటనే తెలుస్తుంది. మధ్యలోని నాలుగు పళ్ళ మీద మాత్రం పట్టు తక్కువ. ఏ పద్ధతిలోనైనా తీగ బయటికి కనిపించదు, పెట్టుకోవడం మర్చిపోయే వీలు లేదు. ఇదే దాని బలం.

తీసి పెట్టుకునేవాటిలో పాతది హాలీ ప్లేటు. చార్లెస్ హాలీ అనే అమెరికా దంతవైద్యుడి పేరు మీద వచ్చింది, వందేళ్ళ పైబడిన వాడుక. అంగిలికి అంటుకుని ఉండే గులాబీ రంగు ప్లాస్టిక్ ముక్క, ముందు పళ్ళ మీదుగా అడ్డంగా వెళ్ళే తీగ, దవడ పళ్ళని పట్టుకునే కొక్కాలు. కనిపిస్తుంది, మొదట్లో మాట ముద్దగా వస్తుంది. అయితే గట్టిది. జాగ్రత్తగా వాడితే ఏళ్ళ తరబడి వస్తుంది, కొక్కెం వదులైతే డాక్టరు పట్టకారుతో బిగించేస్తారు, ప్లాస్టిక్ చీలితే అతికిస్తారు. ఇంకో గుణం, ఇది నమిలే పళ్ళ మీద కప్పి ఉండదు కాబట్టి పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చునే వీలుంటుంది.

మూడోది పారదర్శకమైన ట్రే. పల్చటి ప్లాస్టిక్ రేకుని వేడి చేసి పళ్ళ అచ్చు మీద గాలి లాగి నొక్కుతారు. పెట్టుకుంటే ఎదుటివాళ్ళకి తెలియదు. పిల్లలంతా అడిగేది ఇదే. కానీ పల్చన. నిద్రలో పళ్ళు కొరికే అలవాటున్నవాళ్ళ దగ్గర కొద్ది నెలల్లోనే చిల్లు పడుతుంది. మామూలు వాళ్ళకి కూడా ఒకటి రెండేళ్ళకోసారి మార్చాల్సి రావచ్చు. చీలితే బాగుచేయడమంటూ ఉండదు, కొత్తది చేయించుకోవాల్సిందే.

మీ ఇల్లు, మీ దారి, మీ అలవాటు

"తీగ వేసేస్తే ఇంక మేం రానక్కర్లేదు కదా, డాక్టరుబాబూ?" అని ఇంత దూరం నించి వచ్చిన ప్రతి తల్లీ అడుగుతుంది. ఏ డాక్టరైనా చెప్పేది ఒకటే: "తీగ వేసినందుకే రావాలమ్మా." తీగకి రోజువారీ క్రమశిక్షణ అక్కర్లేదన్నది సగమే నిజం. పెట్టుకోవడం మర్చిపోలేరు, నిజమే. శుభ్రం చేయడం మర్చిపోతారు. ఒక చుక్క ఊడినా తెలియకుండా గడిపేస్తారు. తీసి పెట్టుకునేది పాడైతే మీ కళ్ళ ముందే పాడవుతుంది. తీగ పాడైతే పన్ను కదిలాక గానీ తెలియదు.

జయపురం వాళ్ళకి విశాఖ వెళ్ళాలంటే అరకు మీదుగా కొత్తవలస–కిరండూల్ రైలు దారో, సాలూరు ఘాట్ రోడ్డో. వానాకాలంలో కొండచరియలు పడితే రైళ్ళు ఆగిపోతాయి. రాయగడ వాళ్ళకి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం రైలుంది, అంత కష్టం లేదు. పర్లాకిమిడి వాళ్ళు పాతపట్నం దాటితే శ్రీకాకుళం జిల్లాలోనే ఉంటారు, శ్రీకాకుళంలో డెంటల్ కాలేజీ కూడా ఉంది. బరంపురం వాళ్ళకి ఊళ్ళోనే ప్రైవేటు క్లినిక్‌లున్నాయి. ఒడిశా ప్రభుత్వ డెంటల్ కాలేజీ కావాలంటే మాత్రం కటక్ దాకా, రమారమి 200 కిలోమీటర్లు పోవాలి. మీ ఊరికి ఏ దారి దగ్గరో, ఆ దారిలో తీగ అతికించగల డాక్టరు ఎవరున్నారో ముందే చూసిపెట్టుకోండి. ఊడిన ఒక్క చుక్కని తిరిగి పెట్టడానికి క్లిప్పుల డాక్టరే అక్కర్లేదు, ఆ పని తెలిసిన మామూలు పళ్ళ డాక్టరు చాలు. కానీ అందరూ ఒప్పుకోరు. ఊళ్ళోని డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్ళి, వేరే చోట వేసిన తీగని ఆయన ముట్టుకుంటారో లేదో అడగండి. ముట్టుకోరంటే, ఆ లెక్క తీగకి వ్యతిరేకంగా వేసుకోవాలి.

ఇక మనుషుల్ని బట్టి నా లెక్క ఇది. ఇంటర్‌కి విశాఖ, విజయవాడ హాస్టళ్ళకి వెళ్ళే పిల్లల చేతికి ట్రే ఒక్కటే ఇచ్చి పంపితే అది సంక్రాంతి సెలవుల దాకా ఉండదు. వాళ్ళకి కింద తీగ వేయించండి. ఇంట్లో అమ్మ రోజూ అడిగే పిల్లలకి తీసి పెట్టుకునేది చాలు. బ్రష్ చేయమంటే పారిపోయే పిల్లాడికి తీగ వేయిస్తే, పళ్ళు వరసగానే ఉంటాయి గానీ చిగుళ్ళు వాస్తాయి. గంజాం నించి సూరత్ మిల్లులకి వెళ్ళేవాళ్ళుంటే, ఏడాదికోసారే ఇంటికొస్తారు కాబట్టి, ఒకటికి రెండు ట్రేలు చేయించుకుని వెళ్ళడం మేలు.

పెళ్ళి సంగతి కూడా చెప్పాలి. ముహూర్తం పెట్టుకున్నాం, క్లిప్పులు తొందరగా తీసేయండని డాక్టర్ని బతిమాలే ఇళ్ళు చాలా ఉన్నాయి. పని పూర్తి కాకుండా తీయించుకుంటే పళ్ళు వెనక్కి పోయే అవకాశం ఇంకా ఎక్కువ. ఎలాగూ తీయించేస్తున్నారంటే, కొత్త ఇంట్లో, కొత్తవాళ్ళ మధ్య రాత్రి ట్రే డబ్బా తెరవడానికి ఆ అమ్మాయి మొహమాటపడుతుందని ముందే అనుకోండి. అప్పుడు కనిపించని తీగకే నా ఓటు.

పాన్, గుట్కా, గుడాఖు (పళ్ళకి రుద్దుకునే పొగాకు ముద్ద) అలవాటున్నవాళ్ళకి పారదర్శకమైన ట్రే ఎర్రగా, గోధుమరంగుగా మారిపోతుంది. గుడాఖు రుద్దే చోట తీగ ఉంటే ముద్దంతా దాని కిందే చేరుతుంది. రిటైనర్ కోసం కాకపోయినా ఆ అలవాటు మానాల్సిందే, అదెటూ తెలిసిందే.

ఏదో ఒకటే ఎంచుకోవాలని నియమం లేదు. కింద ముందు పళ్ళకి తీగ, పైన తీసి పెట్టుకునేది, రాత్రి పూట కింద తీగ మీదుగానే ఒక ట్రే. దూరం ఊళ్ళ వాళ్ళకి ఇది నాకు బాగా నచ్చిన ఏర్పాటు. తీగ ఊడినా, డాక్టరు దగ్గరికి వెళ్ళే దాకా ట్రే పట్టి ఉంచుతుంది. ట్రే పోయినా తీగ ఉంటుంది. ఇలా చేయించుకునేటప్పుడు క్రమం ముఖ్యం: ముందు తీగ అతికించి, ఆ తరవాతే ట్రే కోసం అచ్చు తీయాలి. తిరగేసి చేస్తే ట్రే తీగ మీద కూర్చోదు.

పెట్టిన రోజు కుర్చీ దిగే ముందు

తీగ వేశాక చేతి అద్దం అడిగి చూడండి. నాలుకకి ఎక్కడా గుచ్చుకోకూడదు. సిమెంటు చుక్కలు చిగురు మీదికి రాకూడదు, వస్తే అక్కడ గార పేరుకుంటుంది. పళ్ళు కొరికి చూస్తే ఎదుటి దవడ పళ్ళు తీగకి తగలకూడదు. తీగ వేసిన పళ్ళ మధ్య, సందులు శుభ్రం చేసే ఫ్లాస్ దారం ఎలా పోనివ్వాలో అక్కడే, మీ చేత్తో, డాక్టరు చూస్తుండగా ఒకసారి చేయండి.

ట్రే అయితే వేళ్ళతో నొక్కితే టిక్కుమని కూర్చోవాలి, అంచు చిగుర్ని కోయకూడదు. ప్లేటుని ముందు తీగ పట్టుకుని లాగి తీయకండి, వంగిపోతుంది. రెండు పక్కల కొక్కాల దగ్గర గోరు పెట్టి సమానంగా దించండి.

మొదటి రోజుల్లో నోరు ఊరుతుంది, "స", "ష" పలికేటప్పుడు ఈల వస్తుంది. గట్టిగా పేపరు చదివితే తొందరగా సర్దుకుంటుంది. ఒడియా మీడియం పిల్లలైతే తెలుగు, ఒడియా రెండూ చదవనివ్వండి.

ఎన్ని గంటలు పెట్టుకోవాలి

ఇది మీ డాక్టరు చెప్పిన ప్రకారమే. కొందరు మొదటి మూడు నించి ఆరు నెలలు తిండికి, బ్రష్‌కి తప్ప తీయొద్దంటారు, ఆ పైన రాత్రి పూట మాత్రం. కొందరు ట్రేలకి మొదటి నించే రాత్రి పూట చాలంటారు. ఆ పద్ధతీ నిలబడుతుందని పరీక్షల్లో తేలింది కాబట్టి, పక్కింటి అమ్మాయికి వేరేగా చెప్పారని కంగారు పడకండి.

పెట్టుకున్నప్పుడు మంచినీళ్ళు తప్ప ఏమీ తాగొద్దు. టీ, కూల్ డ్రింక్, చెరుకు రసం ట్రే లోపల పంటికి అంటుకుని నిలబడిపోతాయి, లాలాజలం వచ్చి కడిగే వీలుండదు, పళ్ళు పుచ్చుతాయి. తినేటప్పుడు తీసిన ప్రతిసారీ డబ్బాలోకే పోవాలి. కాగితం రుమాల్లో చుట్టినా, పెళ్ళి భోజనంలో విస్తరాకు అంచున పెట్టినా, అది విస్తరాకుతో పాటే పోతుంది. జేబులో పెట్టుకుని కూర్చుంటే విరుగుతుంది. కుక్కలున్న ఇంట్లో మంచం పక్కన వదిలేయకండి, ఆ వాసనకి నమిలేస్తాయి.

తీగ ఉన్నవాళ్ళు చెరుకు గడని ముందు పళ్ళతో చీల్చొద్దు. మొక్కజొన్న కంకి గింజలు వొలుచుకుని, జామకాయ ముక్కలు కోసుకుని, దవడ పళ్ళతో తినాలి. గోళ్ళు, పెన్ను కొరికే అలవాటు సిమెంటుని ఇట్టే ఊడగొడుతుంది.

శుభ్రం: తీగకి

ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు. నాలుక కింద లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది సరిగ్గా కింది ముందు పళ్ళ వెనకే. లాలాజలంలోని ఖనిజాలు పాచితో కలిసి అక్కడే అన్నిచోట్లకన్నా ముందు గారగా గట్టిపడతాయి. తీగ అక్కడే ఉంటుంది. వేప పుల్ల, కానుగ పుల్ల ఎంత బాగా నమిలినా ఆ వెనక్కి చేరవు. వాడేవాళ్ళు వాడుకోవచ్చు గానీ దాంతో సరిపెట్టుకోవద్దు.

రోజూ రాత్రి పడుకునే ముందు మెత్తటి బ్రష్‌ని నిలువుగా పట్టుకుని, దాని కొస కుచ్చుని లోపలి వైపు తీగ పైన ఒకసారి, కింద చిగురు అంచున ఒకసారి ఆడించండి. ఆ తరవాత దారం. తీగ అడ్డం ఉంటుంది కాబట్టి ఫ్లాస్ దారం పై నించి దిగదు. కొస గట్టిగా ఉండే సూపర్‌ఫ్లాస్ కొనండి, లేదా మామూలు ఫ్లాస్‌ని ప్లాస్టిక్ సూదిలాంటి థ్రెడర్‌కి ఎక్కించండి. ముందు వైపు నించి రెండు పళ్ళ మధ్య, తీగకి కిందుగా, చిగురుకి పైగా ఉన్న ఖాళీలో గట్టి కొసని దూర్చండి. లోపలి నించి పట్టుకుని లాగండి. దారాన్ని ఒక పంటికి వాటేసి చిగురు అంచు దాకా రెండు మూడు సార్లు పైకీ కిందికీ, ఆ తరవాత పక్క పంటికి. మొత్తం ఆరు పళ్ళకి ఐదు సందులు. మొదట్లో విసుగొస్తుంది, రక్తం చుక్క కనిపిస్తుంది. రక్తం వచ్చిందని మానేస్తే వాపు పెరుగుతుంది, మానకుండా చేస్తే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే చూపించుకోవాలి.

పళ్ళ మధ్య దూరే చిన్న బ్రష్‌లు పెద్ద మందుల షాపుల్లో ఉంటాయి, లేకపోతే ఆన్‌లైన్‌లో. అన్నిటికన్నా సన్నటి సైజుతో మొదలుపెట్టండి, బలవంతంగా తోయకండి. నీటి ధారతో కడిగే యంత్రం కొన్నా మంచిదే, దారానికి తోడుగా.

ఆరు నెలలకోసారి క్లీనింగ్ చేయించుకోండి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం మన వైపు చాలా ఉంది. గార పోయాక అప్పటిదాకా అది మూసిన సందు బయటపడుతుంది, అంతే. తీగ ఉందని డాక్టరుకి ముందే చెప్పాలి, క్లీనింగ్ తరవాత ప్రతి చుక్కనీ కదిపి చూడమని అడగాలి. తలకి ఎమ్మారై స్కాన్ తీయించుకోవాల్సి వచ్చినా తీగ గురించి చెప్పండి, బొమ్మ చెదరొచ్చు.

శుభ్రం: తీసి పెట్టుకునేవాటికి

మెత్తటి బ్రష్, చన్నీళ్ళు, చుక్క సబ్బు. పొద్దున్న తీయగానే, రాత్రి పెట్టుకునే ముందు. టూత్‌పేస్ట్ వద్దు, గీతలు పడతాయి, ఆ గీతల్లో వాసన చేరుతుంది. వేణ్ణీళ్ళలో వేయొద్దు, ట్రే వంకరపోతుంది. ఎండలో ఆగిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలినా అదే గతి. తెల్లగా గట్టి పొర కడితే కట్టుడు పళ్ళు శుభ్రం చేసే బిళ్ళలు నీళ్ళలో వేసి నానబెట్టండి.

పాడైనప్పుడు, ఊళ్ళో డాక్టరు లేనప్పుడు

తీగ ఒక పంటి దగ్గర ఊడి, నాలుకకి కదులుతూ తగిలితే, ఆ పన్ను ఇక స్వేచ్ఛగా తిరగొచ్చు. నొప్పి లేదని వచ్చే నెలకి వాయిదా వేయకండి. మీ దగ్గర ట్రే ఉండి, అది ఇబ్బంది లేకుండా కూర్చుంటే రాత్రీ పగలూ పెట్టుకుని, వీలైనంత తొందరగా వెళ్ళండి. కొస గుచ్చుకుంటే క్లిప్పులప్పుడు వాడిన మైనం ముద్ద దాని మీద పెట్టండి. తీగని పీకొద్దు, ఇంట్లో పట్టకారుతో కత్తిరించొద్దు. ఫెవిక్విక్ జోలికి అసలు పోవద్దు. ఆ జిగురు నోటిలో వాడేది కాదు. పైగా తీగని వంకర స్థితిలో అతికిస్తే అది పన్నుని తప్పు వైపు నెడుతూనే ఉంటుంది. డాక్టరు అతికించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అడగండి: పన్ను అప్పటికే కదిలి ఉంటే, తీగ వంగి ఉంటే, నొక్కి అతికించేయకూడదు. ముందు క్లిప్పుల డాక్టరు చూడాలి.

తీగ మొత్తం ఊడి చేతికొస్తే డబ్బాలో వేసి తీసుకెళ్ళండి. ముక్క మింగేస్తే చాలావరకు దానంతటదే బయటికి పోతుంది. దగ్గు ఆగకపోయినా, ఊపిరి అందకపోయినా, గొంతులోనో కడుపులోనో నొప్పి ఉన్నా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకోటి అరుదే గానీ తెలిసుండాలి. తీగ ఎక్కడా ఊడకుండా, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తూ, ఒక కోర పన్ను బయటికి ఒరగడం, లేదా ఒక పంటి చిగురు కిందికి జారి వేరు కనిపించడం మొదలవుతుంది. మెలేసిన తీగ తన లోపలి బిగువుతోనే పన్నుని తిప్పేస్తోందని అర్థం. దీన్ని ఊళ్ళో సరిచేయలేరు, క్లిప్పుల డాక్టరే చూడాలి. ఆర్నెల్లకోసారి ఫోనుతో ముందు నించీ, పక్కల నించీ ఫోటోలు తీసి పెట్టుకుంటే తేడా మీకే పట్టుబడుతుంది.

ట్రేయో, ప్లేటో కొన్ని రోజులు పెట్టుకోలేదు, ఇప్పుడు బిగుతుగా ఉంది. వేళ్ళతో నొక్కితే పూర్తిగా కూర్చుంటుందా? అయితే కొన్నాళ్ళు రాత్రీ పగలూ పెట్టుకుంటే బిగువు తగ్గుతుంది. సగం దాకానే దిగి ఆగిపోతుందా? కొరికి ఎక్కించకండి, పగులుతుంది. పోగొట్టుకున్నారా? ఆ వారంలోనే కొత్తది చేయించాలి. బీరువాలోని అచ్చు పనికొచ్చేది ఇప్పుడే. పట్టుకెళ్ళండి, అయితే ఆలస్యమైన కొద్దీ పళ్ళు ఆ అచ్చుకి దూరం జరుగుతాయి. కొద్దిగానే జరిగి ఉంటే పాత అచ్చు మీద చేసిన ట్రే బిగుతుగా దిగి పళ్ళని వెనక్కి తెస్తుంది. ఎక్కువ జరిగి ఉంటే కొత్త అచ్చు తీసి, ఉన్న స్థితిని ఉన్నట్టు కాపాడుకోవడమో, మళ్ళీ కొన్ని నెలలు క్లిప్పులో, రెండిట్లో ఒకటి.

ఎన్నేళ్ళు

వరస అలాగే ఉండాలనుకున్నన్ని ఏళ్ళు. మొదటి ఏడాది గట్టిగా, తరవాత రాత్రి పూట, ఇంకా తరవాత వారంలో కొన్ని రాత్రులు చాలని డాక్టరు చెప్పొచ్చు. ఆ దశకి వచ్చాక మీకు మీరే పరీక్ష పెట్టుకోవచ్చు. పెట్టుకోగానే బిగుతుగా అనిపిస్తే మీ పళ్ళకి ఆ విరామం ఎక్కువైందన్న మాట, ఇంకో రాత్రి కలపండి. తీగ ఉన్నవాళ్ళు దాన్ని తీయించేయాలనుకుంటే, తీసిన రోజే రాత్రికి పెట్టుకునే ట్రే చేతిలో ఉండేలా చూసుకుని తీయించండి.